బెంచీ మీద కూర్చున్న మాట

పదకొండు రోజులుగా మా ఉపకేంద్రంలో నీళ్లు తెలుగుకు పలకడం లేదు. బిందె వంచుతాను. నీళ్లు అంచు దాకా వచ్చి ఆగిపోతాయి. "ఏర్" అంటాను. అప్పుడు గ్లాసులోకి దిగుతాయి.

గోండిలో నీళ్లను ఏర్ అంటారు. మొదటిరోజు నేను మన అలవాటు కొద్దీ చివర ఉకారం తగిలించి "ఏరు" అన్నాను. నీళ్లు గ్లాసులోకి రాలేదు. ఏరై గడప దాటి, వాకిట్లో పాయలుగా చీలి, కంచె కింద నుంచి వెళ్లిపోయాయి. తప్పు వాటిది కాదు. నేను ఏమని పిలిచానో అదే అయ్యాయి. బిందె మళ్లీ నింపుకొచ్చి, ఈసారి ఉకారం మింగేసి పిలిచాను.

నా పేరు వినోద. మాది జగిత్యాల దగ్గర. పద్దెనిమిదేళ్లుగా నర్సును. ఆదిలాబాద్ అడవుల్లోని ఈ ఏదులగూడెం ఉపకేంద్రానికి బదిలీ మీద వచ్చి ఏడు నెలలవుతోంది. మూడు గూడేలు నా కింద ఉన్నాయి. మూడింటిలోనూ మాట్లాడేది గోండి. నాకు గోండి రాదు, పని మాత్రం బాగా వచ్చు. చీకట్లో కూడా నరం దొరకబుచ్చుకోగలను. పొట్ట మీద చెయ్యి వేస్తే బిడ్డ తల ఎటుందో చెప్పగలను. మనిషి ముఖం చూస్తే నొప్పి ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. మిగతా సగం కోసం ఇన్నాళ్లూ నేను పెద్దగా కంగారు పడలేదు.

ఇప్పుడు పడుతున్నాను. కారణం బెంచీ మీద కూర్చుని ఉంది.

అది లేతుబాయి చెప్పిన మాట. లేతుబాయి పక్క గూడెంలో ఉంటుంది, ఇరవైమూడేళ్లు, ఇది రెండో కాన్పు. ఏడో నెలలో పరీక్షకు వచ్చినప్పుడు నా కళ్లలోకి చూసి గోండిలో ఒక పొడుగాటి మాట చెప్పింది. అందులో "నత్తూర్" అన్నది నా చెవిన పడింది. మన నెత్తురే అది, ఆ మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. ఒంట్లో నెత్తురు తక్కువగా ఉందంటోందని అర్థం చేసుకున్నాను. కార్డు మీద రాసి, ఐరన్ గోలీలు రెండు నెలలకు సరిపడా ఇచ్చి, "రోజుకొకటి, అన్నం తిన్నంక" అన్నాను. లేతుబాయి గోలీలు తీసుకుంది. నన్ను ఇంకాసేపు చూసింది. వెళ్లిపోయింది.

మాట మాత్రం వెళ్లలేదు. మర్నాడు పొద్దున తాళం తీసేసరికి బెంచీ మీద కూర్చుని ఉంది.

చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. అక్కడ గాలి కాస్త చిక్కగా ఉంటుంది, అంతే. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పిలిచేదాకా లేవకూడదని ఎవరో చెప్పినట్టు ఉంటుంది. ముగ్గురు మనుషులు పట్టేంత చోటు తీసుకుంటుంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి కొద్దిగా జరిగి కూర్చుంటారు. టీకాలకొచ్చిన తల్లులు ఒళ్లో పిల్లల్ని దాని పక్కనే పడుకోబెడతారు. దాని అర్థం వాళ్లందరికీ తెలుసు. నాకు తెలుసనే వాళ్లు అనుకుంటున్నారు.

ఆ రోజు నుంచి లేతుబాయి నాతో మాట్లాడటం మానేసింది. పరీక్షకు వస్తుంది, బరువు చూపించుకుంటుంది, చెయ్యి చాపుతుంది. ఏది అడిగినా జవాబు ఆమె భర్త భీంరావుది. "మొదటి కాన్పు మంచిగనే అయ్యిందా?" అని అడిగితే "అయ్యింది సిస్టరమ్మా, పిల్ల మంచిగుంది, వాళ్ల అమ్మగారి కాడ ఉన్నది" అన్నాడు. ఆ కాన్పు మహారాష్ట్ర వైపు తల్లిగారింట్లో జరిగింది. ఈయన అక్కడ లేడు.

అందుకే కళ్లద్దాలు వచ్చినప్పుడు మా మండలంలో అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

వాటిని జిల్లా కేంద్రం నుంచి నిహారిక అనే ఇంజనీరు తెచ్చింది. నల్లటి ఫ్రేము, కొంచెం బరువు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారట. పెట్టుకుని ఏ వస్తువు వైపు చూసినా దాని గోండి పేరు తెలుగు అక్షరాల్లో ఆ వస్తువు మీదే తేలుతూ కనిపిస్తుంది, ఒక గొంతు దాన్ని పలుకుతుంది. తిరిగి సరిగ్గా పలికితే అక్షరాలు పచ్చబడతాయి. "నెల రోజుల్లో నాలుగొందల మాటలు వస్తాయి మేడం. మీలాంటి కాన్ఫిడెన్స్ ఉన్నవాళ్లకైతే ఇరవై రోజులు చాలు," అంది నిహారిక. పదకొండు రోజుల్లోనే పూర్తి చేశాను.

మూడోరోజు దాకా అక్షరాలు వెలుతురుతో చేసినట్టుండేవి. నాలుగోరోజు నుంచి వాటికి బరువు వచ్చింది. కుక్క మీది "నై" అన్న మాట జారి నేల మీద పడి టక్కుమంది. సాయంత్రం గది ఊడిస్తే చేటెడు అక్షరాలు పోగయ్యాయి. పారేయబుద్ధి కాలేదు. ఖాళీ మందుల డబ్బాలో పోసి మూత పెట్టాను.

అయిదోరోజున ఆ గొంతు ఎవరిదో కనిపించింది. ఎడమ అద్దం మూలలో గోరంత మంచం వేసుకుని గోరంత ముసలామె కూర్చుని ఉంది. పచ్చబొట్ల చేతులు, మెడలో పూసలు. నేను తప్పు పలికినప్పుడు ఆమె నవ్వదు, కోప్పడదు. తల కొంచెం పక్కకు వంచి మళ్లీ చెబుతుంది. అలా చెప్పే టీచరు దొరికితే నేను చదువులో ఇంకా ముందుకు పోయేదాన్నేమో.

పన్నెండోరోజు పొద్దున నేను కళ్లద్దాలు పెట్టుకుని బెంచీ ముందు నిలబడతాను.

మాట మధ్యలో "నత్తూర్" అని ఎర్రగా తేలుతుంది. అద్దం మూలలోని ముసలామె దాన్ని పలుకుతుంది. ఇంకా ఏమైనా వస్తాయేమోనని చూస్తాను. ఏమీ రావు. నత్తూర్‌కు అటూ ఇటూ అంతా ఖాళీ. అన్నిటికన్నా చివర ఒక చోట పిడికిలంత కన్నం ఉంది. అందులోంచి వెనక గోడ మీది టీకాల చార్టు కనిపిస్తోంది.

గుట్ట ఎక్కి సిగ్నల్ పట్టుకుని నిహారికకు ఫోన్ చేస్తాను.

"కెమెరాకు కనిపించేవాటికే పేర్లు వస్తాయి మేడం," అంటుంది. "కనిపించని మాటలు తర్వాతి వెర్షన్‌లో పెడుతున్నాం."

"ఎప్పుడొస్తది?"

"మార్చిలో."

"లేతుబాయికి కాన్పు ఇంకో ఇరవై రోజులల్ల ఉన్నది."

నిహారిక నిజంగానే ఆలోచిస్తుంది. కీబోర్డు చప్పుడు వినిపిస్తుంది. "మార్చి దాకా ఆమెను ఆగమనడానికి వీలవుతుందా మేడం?"

"తొమ్మిది నెలలనేది నేను పెట్టిన గడువు కాదమ్మా."

"సరే మేడం. ఈ విషయం నోట్ చేసుకుంటాను," అంటుంది నిహారిక.

ఫోన్ పెట్టేసి మారుబాయి దగ్గరికి బయలుదేరతాను. అద్దంలోని గొంతు ఆత్రం అనే ఇంటిపేరున్న మారుబాయిదని, ఆమె మా రెండో గూడెంలోనే ఉంటుందని ఆశా కార్యకర్త చెప్పింది. దారి కిలోమీటరున్నర. కళ్లద్దాలు దారి మీద "సర్రి" అని చూపిస్తాయి. సర్రి అంటే దారి. నేను పలుకుతాను. దారి ఇంకో కిలోమీటరున్నర పెరుగుతుంది. బాగా పలికానన్న ఉత్సాహంలో మళ్లీ పలుకుతాను. మరో కిలోమీటరున్నర. మూడోసారి నోటిదాకా వచ్చినదాన్ని ఆపుకుని, కళ్లద్దాలు తీసి జేబులో వేసుకుని, చేసుకున్నంత దారీ నడుస్తాను. చెప్పులు కొత్తవి కాబట్టి ఇబ్బంది లేదు.

మారుబాయి గుడిసె ముందు కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. అద్దంలో ఉన్నట్టే ఉంది, కాకపోతే నా అంత మనిషి. పక్కన ఒక తెల్లకుక్క ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

"కూసో సిస్టరమ్మా. నీళ్లు తాగుతవా?" అంటుంది తెలుగులో.

"నీళ్లంటవేందవ్వా? ఏర్ అంటరు గదా మీరు?"

ఆమె కాయలు ఒలవడం ఆపుతుంది. "ఆ మాట నా దగ్గర లేదు. ఇచ్చేసిన."

"ఎవలకు?"

"పోయిన ఎండకాలం ఆ అద్దాలోళ్లు వచ్చిండ్రు గదా. మూడు దినాలు నన్ను కూసోబెట్టి, ఒక్కొక్క వస్తువు ఎత్తి చూపించుకుంట పేరు చెప్పుమన్నరు. చెప్పినదెల్ల ఆ డబ్బలకు పోయింది. నాలుగు వందల పన్నెండు మాటలు. ఇల్లు పోయింది, నిప్పు పోయింది, చెట్టు పోయింది. ఇగో ఈ కుక్కను పిలుద్దామంటె ఏమనాల్నో తెలుస్తలేదు. అది నా దిక్కే చూసుకుంట కూసుంటది. నేను దాని దిక్కే చూసుకుంట కూసుంట."

మంచిమనిషి కాబట్టి ఇదంతా కాయలు ఎలా పండాయో చెప్పినంత మామూలుగా చెబుతోంది. పదకొండు రోజులుగా నేను ఆమె ఇంట్లోంచే అన్నీ మోసుకుపోతున్నాను.

కుక్క వైపు తిరిగి, "నై," అంటాను.

కుక్క తోక కొడుతుంది. మారుబాయి నోరు తెరుస్తుంది. నా నోటి నుంచి వెళ్లిన మాట ఆమె నోట్లోకి పోవడం నేను చూస్తాను. చిన్నది, నల్లగా, కందిగింజంత. ఆమె దాన్ని నమిలి మింగి, "నై," అంటుంది. కుక్క లేచి ఆమె ఒడిలోకి ఎక్కేస్తుంది.

"ఇంకోటి," అంటుంది మారుబాయి.

"రోన్." అది ఇల్లు.

మింగుతుంది. వెనక గుడిసె కొంచెం నిటారుగా నిలబడుతుంది.

"కిస్." అది నిప్పు.

ఆమె మింగబోయి ఆగి ఉమ్మేస్తుంది. "ఇది ఉడకలే. మల్ల చెప్పు."

మళ్లీ చెబుతాను, 'కి'ని ఇంకాస్త సాగదీసి. ఈసారి మింగుతుంది. లోపల పొయ్యి అంటుకుంటుంది.

మధ్యాహ్నం దాకా అలా పెడుతూనే ఉంటాను. కొన్ని ఉడకనివి. కొన్ని మాడినవి. చాలావరకు పనికొచ్చేవే. ఇచ్చినవి నా దగ్గర నుంచి పోవడం లేదని మధ్యలో గమనిస్తాను. ఏర్ ఆమె దగ్గరా ఉంది, నా దగ్గరా ఉంది. డబ్బాకు ఇచ్చినప్పుడు పోయినవి మనిషికి ఇస్తే ఎందుకు పోవని అడుగుతాను.

"డబ్బ మల్ల ఎవలతోని మాట్లాడుతది?" అంటుంది మారుబాయి. ఆ జవాబు నాకు సరిపోతుంది.

కడుపు నిండాక ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, "ఇప్పుడు చెప్పు. ఏం కావల్నని వచ్చినవ్?" అంటుంది.

"నా దగ్గర ఒక మాట ఉన్నదవ్వా. రెండు నెలల నుంచి బెంచీ మీద కూసున్నది. దాని కొస కాడ తూటు ఉన్నది. అండ్ల ఏముండాల్నో నాకు తెల్వదు."

"నడువు, చూద్దాం."

తిరిగి వచ్చేటప్పుడు మారుబాయి దారిని పేరు పెట్టి పిలవదు. అందుకని ఇరవై నిమిషాల్లో చేరతాం.

ఉపకేంద్రంలోకి వచ్చి ఆమె బెంచీ మీది మాట పక్కన కూర్చుంటుంది. దాని భుజం మీద చెయ్యి వేసి, చాలా రోజుల తర్వాత కలిసిన చుట్టాన్ని చూసినట్టు పైనుంచి కిందకు చూస్తుంది. తర్వాత నా వైపు తిరుగుతుంది. నేను కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాను.

"అవి తియ్యి."

"తీస్తే అక్షరాలు కనబడయి."

"ఈ మాట అక్షరాలల్ల లేదు. కనబడేటియన్ని వాళ్లకు ఇచ్చిన. కనబడనియి ఎవ్వలడగలే. ఒక్కొక్క వస్తువు ఎత్తి చూపిచ్చిండ్రు. లేనిదాన్ని ఎట్ల ఎత్తి చూపుతరు?"

కళ్లద్దాలు తీసి మేకుకు తగిలిస్తాను.

మారుబాయి కొంగు ముడి విప్పి ఒక కందికాయ నా అరచేతిలో పెడుతుంది. వేళ్లు మూస్తుంది. విప్పుతుంది. కాయ ఉంది. మళ్లీ మూస్తుంది. ఈసారి విప్పేసరికి కాయ లేదు.

"హిల్లే," అంటుంది.

బిందె దగ్గరికి తీసుకుపోయి వంచుతుంది. పొద్దున్నే అయిపోయింది, చుక్క లేదు. "ఏర్ హిల్లే."

నా ఫోన్ అందుకుని పైకెత్తి గుమ్మంలో తిప్పి చూపిస్తుంది. "సిగ్నల్ హిల్లే." ఇద్దరం నవ్వుతాం.

తర్వాత బెంచీ మీద తన పక్కన ఇంకా మిగిలిన జానెడు చోటును చేత్తో తడుముతుంది. ఎవరైనా కూర్చుంటే ఎక్కడ భుజం ఉంటుందో సరిగ్గా అక్కడ చెయ్యి ఆపుతుంది. "మా ముసలాయన," అని తెలుగులో అంటుంది.

"హిల్లే."

ఈసారి నేను పలకను. నాకు అర్థమవుతుంది. మా నాన్న చనిపోయిన ఏడాది ఆయన చొక్కా కొక్కేనికి ఉన్నప్పుడు, నేను వంటగదిలోంచి రెండు కప్పులతో టీ తెచ్చినప్పుడు, నాకు కావలసి వచ్చిన మాట ఇదే. తెలుగులో అది నాకు ఎప్పుడూ ఇంత కచ్చితంగా దొరకలేదు.

నేను బెంచీ వైపు చూస్తాను. కన్నం పూడిపోయి ఉంది. గోడ కనిపించడం లేదు. మాట మొదటి నుంచి చివరి దాకా ఒక్కటిగా నిలబడి, తన్ను తాను నాకు చెప్పుకుంటుంది.

మొదటి కాన్పులో బిడ్డ పుట్టాక నెత్తురు ఆగలేదు.

అంతే. తక్కువగా ఉందని కాదు, ఆగలేదని. ఆ చివరి 'లేదు'యే హిల్లే. నేను మధ్యలో ఉన్న ఒక్క మాట పట్టుకుని, కొసన ఉన్నదాన్ని వదిలేసి, చేతిలో గోలీలు పెట్టి పంపించాను. రెండు నెలలు.

మాట బెంచీ మీద నుంచి లేస్తుంది. నిలబడితే నేను అనుకున్నంత పొడుగు కాదు. లేతుబాయి ఎత్తే ఉంటుంది. నన్నేమీ అనకుండా, తలుపు దగ్గర కాస్త వంగి, బయటికి నడిచి వెళ్లిపోతుంది. బెంచీ అంత పెద్దదని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఇక నేను చేయాల్సిన పని నాకు బాగా తెలుసు. గుట్ట మీదికెక్కి సిగ్నల్ పట్టుకుని పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, లేతుబాయి పేరు మీద మంచం రాయించి, నెత్తురు గ్రూపు చెప్పి సిద్ధంగా ఉంచమంటాను. కార్డు మీద నా పాత రాత కొట్టేసి పెద్ద అక్షరాలతో నిజం రాస్తాను. గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఇంజెక్షన్లు ఐసు డబ్బాలో సర్దుతాను. అదే సాయంత్రం, ఎండ ఉండగానే, మారుబాయిని వెంటబెట్టుకుని లేతుబాయి ఇంటికి పోతాను.

లేతుబాయి మంచం మీద కూర్చుని ఉంది. పొట్ట మీద రెండు చేతులూ ఉన్నాయి. నేను ఆమె ముందు నేల మీద కూర్చుంటాను. నాకున్న కాస్త గోండిలో, నత్తూర్ అంటాను, హిల్లే అంటాను, మధ్యలో చేత్తో ఆపినట్టు చూపిస్తాను. తర్వాత తెలుగులో, "నువ్వు చెప్పినవ్ బిడ్డా. నేనే సరిగ్గ ఇనలే. తప్పు నాది," అంటాను.

లేతుబాయి భర్త వైపు చూడదు. నన్నే చూస్తుంది. రెండు నెలల తర్వాత నోరు తెరుస్తుంది.

ఒకటి కాదు, ఆపకుండా మాటలు వస్తాయి. పొడుగాటివి, పొట్టివి, తడిసినవి. ఆ రోజు ఎన్ని చీరలు తడిశాయో, తల్లి ఎట్లా అరిచిందో, తను పైకప్పు వాసాలు లెక్కపెడుతూ ఎట్లా చల్లబడిపోయిందో. మాటలు మంచం మీద కూర్చుంటాయి, దూలం మీద కూర్చుంటాయి, గాదె చుట్టూ నిలబడతాయి. చోటు చాలక భీంరావు పొయ్యి దగ్గరి సామాను బయటికి మోస్తాడు. మారుబాయి నాకు అర్థం కానివి తెలుగు చేస్తుంది. నాకు అర్థమైనవాటి దగ్గర ఊరుకుంటుంది. ఎన్నిటి దగ్గర ఊరుకుందో చూసుకుని ఆశ్చర్యపోతాను.

భీంరావు గడపలో నిలబడిపోయాడు. "నాతోని ఎన్నడు చెప్పకపోతివి," అంటాడు భార్యతో.

"నువ్వు అడగలే," అంటుంది లేతుబాయి తెలుగులోనే. ఆమెకు తెలుగు వచ్చని నాకు ఇప్పుడే తెలుస్తుంది. ఆ భయాన్ని మాత్రం తన భాషలో తప్ప ఇంకో భాషలో చెప్పలేకపోయింది.

పదో తారీఖున ఆసుపత్రిలో చేర్పించాలని నిర్ణయిస్తాం. బిడ్డ ఎనిమిదో తారీఖున బయలుదేరుతుంది.

పొద్దున పది గంటలకు భీంరావు ఉరుకుతూ వస్తాడు. నేను జీపుకు ఫోన్ చేయించి, సంచీ, ఐసు డబ్బా పట్టుకుని పోతాను. జీపు వాగు అవతల ఉంది. వాగు మీది వంతెన ఇవాళ సెలవులో ఉంది, సాయంత్రం గాని రాదు. జీపు చుట్టు తిరిగి రావాలి, గంటన్నర పడుతుంది. బిడ్డకు అంత ఓపిక లేదు.

ఇల్లు నేను లోపలికి వెళుతుంటే పొడుగవుతోంది. లేతుబాయి మంచం ఏడో గదిలోకి పోయి ఉంది. భయపడిన ఇల్లు అలాగే చేస్తుంది. "రోన్," అంటాను కొంచెం గట్టిగా. ఇల్లు సిగ్గుపడి ఒక్క గది అవుతుంది. మారుబాయి అప్పటికే నీళ్లు కాస్తోంది.

పదకొండూ ఇరవైకి బిడ్డ పుడుతుంది. ఆడపిల్ల. గట్టిగా ఏడుస్తుంది. బొడ్డు కోసి, తుడిచి, తల్లి రొమ్ము మీద పెడతాను. తొడకు ఇంజెక్షన్ ఇస్తాను. మాయ మొత్తం వస్తుంది. పొట్ట మీద చెయ్యి వేసి చూస్తాను. గర్భసంచి మెత్తగా ఉంది. తడిపిన గుడ్డలా ఉంది. గట్టిపడటం లేదు.

నెత్తురు వస్తుంది.

మంచం మీద నుంచి నేల మీదికి దిగుతుంది. కంగారు లేకుండా, దారి తెలిసిన మనిషిలా నడుస్తుంది. పేడతో అలికిన నేల మీద ఒకే గీతగా గుమ్మం వైపు పోతోంది. లేతుబాయి వాసాల వైపు చూస్తూ పెదవులు కదుపుతోంది. లెక్కపెడుతోంది.

రెండో ఇంజెక్షన్ ఇస్తాను. పొట్ట మీద అరచేతితో గుండ్రంగా, గట్టిగా రుద్దుతాను. పద్దెనిమిదేళ్లలో ఎందరికో రుద్దాను, నా చేతులకు పని తెలుసు. "ఆగు," అంటాను. నెత్తురు ఆగదు. దానికి తెలుగు రాదు.

"నత్తూర్!"

గడప దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది. ఇంతవరకు దాన్నెవరూ పేరుపెట్టి పిలిచినట్టు లేరు. గది మొత్తం నా నోటి వైపు చూస్తోంది. మారుబాయి చూస్తోంది కాని అందించడం లేదు. కావలసిన మాట తన దగ్గరా ఉంది, నా దగ్గరా ఉందని ఆమెకు తెలుసు.

చేతులు ఆపకుండానే నెత్తురుతో నెమ్మదిగా చెబుతాను.

"సర్రి హిల్లే."

దారి లేదు.

నెత్తురు గుమ్మం బయటికి చూస్తుంది. నేనూ చూస్తాను. వాకిట్లో నిజంగానే దారి లేదు. వాకిలి అంచు నుంచి వాగు దాకా ఎవరో చాప చుట్టినట్టు చుట్టేశారు. అవతల గడ్డి ఉంది, గడ్డి మీద ఎండ ఉంది, పోవడానికి చోటు లేదు. నెత్తురు కాసేపు తటపటాయిస్తుంది. తర్వాత గడప మీదే, అలసిపోయిన చుట్టంలా కూలబడుతుంది.

నా అరచేతి కింద గర్భసంచి బిగుసుకుంటుంది. ముందు నిమ్మకాయంత మేర, తర్వాత మొత్తం. వెలగకాయలా గట్టిగా, గుండ్రంగా. చెయ్యి తీయకుండా పావుగంట అలాగే కూర్చుంటాను. లేతుబాయి లెక్కపెట్టడం ఆపేసి బిడ్డ వైపు చూస్తుంది. నాడి వేగంగా ఉంది, కాని ఉంది. పెదవుల్లోకి రంగు వస్తోంది.

మారుబాయి నా నుదుటి మీది చెమట తన కొంగుతో తుడుస్తుంది. "మంచిగ ఉడికింది," అంటుంది.

అప్పుడు గాని నాకు ఏడుపు రాదు. కొద్దిగా ఏడుస్తాను. పని మధ్యలో ఉంది కాబట్టి త్వరగా ముగిస్తాను.

జీపు వచ్చే వేళకు చుట్టేసి ఉన్న దారిని భీంరావు విప్పి వాకిట్లో పరుస్తాడు. లేతుబాయిని వెనక సీట్లో పడుకోబెట్టి, తల నా ఒడిలో పెట్టుకుంటాను. బిడ్డ ఆమె గుండె మీద ఉంది. సెలైను సీసా భీంరావు ముందు సీట్లోంచి చెయ్యి వెనక్కి చాపి పట్టుకున్నాడు. ఎంతసేపైనా దించనని అన్నాడు. పెద్దాసుపత్రి నలభై నిమిషాలు. ప్రతి అయిదు నిమిషాలకు పొట్ట మీద చెయ్యి వేసి చూస్తున్నాను. గట్టిగానే ఉంది.

గుట్ట దిగాక రెండు వైపులా పత్తి చేలు మొదలవుతాయి. మధ్యాహ్నపు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. దగ్గరికొచ్చాక అది పత్తి కాదని తెలుస్తుంది. పగిలిన ప్రతి కాయలోంచి ఒక చెవి బయటికి వచ్చి ఉంది. చిన్నవి, పెద్దవి, మడతలు సరిగ్గా విచ్చుకోనివి. ఎకరాల కొద్దీ చెవులు. గాలి లేకపోయినా అన్నీ ఒక్కసారిగా మా జీపు వైపు తిరుగుతాయి.

"ఆపు," అంటుంది లేతుబాయి.

డ్రైవరు నన్ను చూస్తాడు. పొట్ట తడిమి చూసి, "రెండు నిమిషాలు," అంటాను.

లేతుబాయి తల కాస్త పైకెత్తి కిటికీలోంచి చేలతో మాట్లాడటం మొదలుపెడుతుంది. గోండిలో, తొందర లేకుండా. సగం నాకు అర్థమవుతోంది. మిగతా సగం కోసం తర్వాత ఆమెనే అడుగుతాను. గట్టు మీది చెవులు ముందుకు వంగుతున్నాయి. వెనక వరసల్లోవి మునివేళ్ల మీద లేస్తున్నాయి. వింటున్న కొద్దీ ఒక్కొక్కటీ ఎర్రబడుతోంది, ఆ ఎరుపు చాళ్ల వెంట గుట్ట అంచు దాకా పాకుతోంది.

ఉపకేంద్రంలో బెంచీ మీద ఉంచుకుందామని, నేను కిటికీలోంచి చెయ్యి చాపి, అందిన ఒక్కదాన్ని తుంచుతాను. అరచేతిలో వెచ్చగా ఉంది. దాని తమ్మెకు ఎవరో అప్పటికే కుట్టారు. సన్నటి వెండి పోగు ఒకటి, జీపు కదలకపోయినా, ఊగుతోంది.